గోడలకు నోళ్ళున్న వూళ్ళు

గోడలకు చెవులుంటాయని పెద్దలన్నారు. మా వైపు గోడలకు నోళ్ళు కూడా వున్నాయి. కామారెడ్డి స్టేషనులో రైలు దిగి వూళ్ళోకి నడిచే మనిషిని అవి దారి పొడుగునా పలకరిస్తూనే వుంటాయి. ఫలానా సిమెంటు వాడమంటుంది ఒక గోడ. ఫలానా విత్తనం నాటమంటుంది ఇంకొకటి. ఇచ్చట మూత్రము పోయరాదని బతిమాలుతుంది మూడోది. ఆ మాట మాత్రం చదువు వచ్చినవాళ్ళు కూడా చదవరు. అది వేరే సంగతి.

కామారెడ్డి సికింద్రాబాదు - మన్మాడు రైలు మార్గం మీది వూరు. 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రమయింది. అంతకు ముందు నిజామాబాదు జిల్లాలో వుండేది. జిల్లా అయినా కాకపోయినా మా వూరికి పేరు తెచ్చింది బెల్లం. మా నాన్నగారికి కూడా బజారులో చిన్న బెల్లం అడ్తి వుండేది. నేను అక్షరాలు నేర్చుకున్నది బళ్ళో అని నా సర్టిఫికెట్లు చెపుతాయి గాని, నిజానికి నేర్చుకున్నది ఆ బజారు గోడల మీద.

ఎర్ర త్రికోణం తలకిందులుగా కనిపిస్తే అది కుటుంబ నియంత్రణ. కొడవలి పక్కన పొడుగాటి ఎర్ర అక్షరాలుంటే అవి రాత్రి పూట ఎవరో రాసి వెళ్ళినవి. వాటిని బిగ్గరగా చదివితే మా అమ్మ నోరు మూసేది. ఆ తరవాత అక్షరాస్యత ఉద్యమం పలకా బలపం వచ్చాయి. 1995 తరవాత పోలియో చుక్కలు వచ్చాయి. పెద్ద పుస్తకంలో పేజీలు తిరిగినట్టు, సున్నం వేసినప్పుడల్లా ఆ గోడల మీద కాలం తిరిగేది.

ఆ గోడలన్నిటిలో నాకు సొంతమైనది ఒకటే. అది మా అడ్తి పక్క గోడ. దాని మీద ఒక చెఱకు గెడ, గానుగ తిప్పుతున్న ఎద్దు, బెల్లం ముక్క కొరుకుతున్న ఒక ఆడపిల్ల. కింద రెండడుగుల ఎత్తు అక్షరాలతో, "ఇచ్చట మేలు రకం చెఱకు బెల్లము దొరకును" అని వుండేది. ఆ ఎద్దు మూపురం ఎంత నిండుగా వుండేదంటే, సంతకు వచ్చిన రైతులు బెల్లం ధర అడిగే ముందు ఎద్దు ధర అడిగేవారు.

నాకు ఆరేళ్ళప్పుడు ఆ గోడ మీద ఒక అక్షరం అడ్డుపడింది. "బాపూ, ఇదేం అక్షరం?" అని అడిగాను. మా నాన్న కళ్ళజోడు సవరించుకుని చూసి, "బడిల పంతులును అడుగు" అన్నాడు. పంతులుగారు, "అది బండి ర" అన్నారు. మరి అన్ని చోట్లా మామూలు ర రాసి ఇక్కడ బండి ర ఎందుకు రాశారో ఆయనా చెప్పలేదు. చివరికి ఆ పెయింటరునే అడిగాను. ఆయన అప్పుడు నిచ్చెన మీద నిలబడి ఎద్దు తోకకు నలుపు దిద్దుతున్నాడు. కిందికి చూడకుండానే, "ర రాస్తే జాగ మిగులుతుంది పటేలా. బండి ర అయితే గోడ నిండుగుంటది" అన్నాడు.

అది వ్యాకరణం కాదు, గోడ లెక్క. కాని తరవాత చాలా ఏళ్ళకు ఎం.ఏ. తరగతిలో మా ఆచార్యులు శకటరేఫానికి వుదాహరణ చెప్పమంటే ముందుగా చెయ్యెత్తింది నేనే. "చెఱకు" అన్నాను. ఆయన సంతోషించి, "ఎక్కడ చదివావు?" అన్నారు. బెల్లం దుకాణం గోడ మీద అని చెప్పడానికి సిగ్గుపడ్డాను.

పోయిన చలికాలంలో రోడ్డు వెడల్పు చెయ్యడానికి కొలతలు తీశారు. పోవలసిన గోడల మీద ఎర్ర రంగుతో అడ్డగీత గీసి, పక్కన అంకె వేశారు. మా గోడ మీద ఆ గీత సరిగ్గా ఎద్దు మూపురం మీంచి పోయింది. నాన్నగారు పోయి ఏడేళ్ళయింది. అడ్తి అద్దెకిచ్చాం. వెలిసిపోయినా ఎద్దు ఎద్దులాగే వుంది, బండి ర బండి రలాగే వుంది. ఆ గీత చూసి ఇంటికి వచ్చిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గోడ పోతున్నందుకు కాదు. ఆ గోడ రాసినాయనకు నేను చేసిన ఒక పని గుర్తుకొచ్చింది.

దాచుకోవడమెందుకు, చెప్పేస్తాను. 2008లో నేను కాలేజీ వుద్యోగంలో చేరిన కొత్త. వార్షికోత్సవానికి స్వాగత తోరణం రాయించే పని నాకప్పగించారు. ఆ పెయింటరుకు కబురు చేశాను. ఆయన సరేనని గుడ్డ కొనుక్కుని ఇంటికి వెళ్ళాడు. ఈలోగా ఎవరో, "ఈ రోజుల్లో గుడ్డేమిటండీ, ఫ్లెక్సీ వేయించండి, ముఖ్య అతిథి ఫోటో కూడా వస్తుంది" అన్నారు. సాయంత్రానికల్లా ఫ్లెక్సీ వచ్చింది. మర్నాడు పొద్దున్న ఆయన గుడ్డ చుట్ట చంకన పెట్టుకుని గేటు దగ్గరికి వచ్చేసరికి ఫ్లెక్సీ కట్టేసి వుంది. ఆయన దాన్ని చూశాడు. నన్ను చూశాడు. నేను గడియారం చూసుకుని, "తరవాత కలుస్తాను కాకా" అన్నాను. ఆ తరవాత అనేది పదహారేళ్ళు దాటినా రాలేదు.

ఆయనది ఎల్లారెడ్డి. సంక్రాంతికి ఇంకా నాలుగు రోజులుందనగా బయలుదేరాను. మా ఆవిడ, "ఏ ఎల్లారెడ్డి?" అని అడిగింది. ఈ ప్రశ్న మా వూళ్ళో తప్పదు. సదాశివనగర్ వైపు అడ్లూరు ఎల్లారెడ్డి అని ఒకటుంది. ఒట్టి ఎల్లారెడ్డి పడమటి దిక్కున, లింగంపేట అవతల వుంది. కొత్తగా వచ్చిన వుద్యోగులు ఒకదానికి బదులు రెండోదానికి పోయి, చేరవలసిన తేదీ తప్పిపోయిన కథలు మా దగ్గర చాలా వున్నాయి. "నేనూ వస్తాను. నాకెలాగూ టికెట్టు లేదు" అంది మా ఆవిడ. 2023 డిసెంబరు నుంచి మా రాష్ట్రంలో ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు వుచితం కదా. కాని పండుగ పిండివంటలు ఆమెను ఇంట్లోనే కట్టేశాయి. నేనొక్కణ్ణే పల్లెవెలుగు బస్సెక్కాను.

ఆ దారి గంటన్నర పడుతుంది. చెఱకు తోటలు, మొక్కజొన్న కోసిన చేలు, మధ్య మధ్య అడవి గుట్టలు. కిటికీ దగ్గర కూర్చున్నవాడికి వూరూరా ఒక బొమ్మల కొలువు. ధనుర్మాసం చివరి రోజులు కాబట్టి ప్రతి వాకిట్లో ముగ్గు. చుక్కల ముగ్గు, మెలికల ముగ్గు, రంగుల నెమలి, ఒక చోట క్రికెట్ బ్యాటు కూడా. తొమ్మిదిన్నరకు మా బస్సు ఒక నెమలి మీంచి పోయింది. దాన్ని వేసిన పిల్ల అరుగు మీద నుంచి చూస్తూనే వుంది గాని ఏమీ అనలేదు.

వీధి చిత్రకళ అంటే ఏదో పై దేశాల నుంచి వచ్చిందనుకుంటాం. మన ఆడవాళ్ళు తెల్లవారుజామున చేస్తున్నదేమిటి మరి? వీధిలో గియ్యడం, దారిన పోయేవాళ్ళ కోసం గియ్యడం, సాయంత్రానికి చెరిగిపోతుందని తెలిసి గియ్యడం. అచ్చంగా అదే.

లింగంపేటలో బస్సు పది నిమిషాలాగింది. అక్కడ నాగన్నబావి అని పాత మెట్లబావి వుంది. ఈ మధ్యనే పూడిక తీసి బాగుచేశారు. బావిదాకా పోయే వ్యవధి లేదు. బస్టాండు ఎదుటి గోడ మీద ఎన్నికల రాతలకు సున్నం కొట్టివుంది. ఎన్నికల నియమావళి రాగానే ఇలా సున్నం కొట్టడం రివాజు. ఉమ్మడి రాష్ట్రంలో 1997లోనే బహిరంగ ప్రదేశాలను పాడుచెయ్యకూడదని చట్టం చేశారు కూడా. సున్నం పలచబడి అడుగున పాత గుర్తు నీడలాగా కనిపిస్తూంది. ఎన్నికల్లో ఓడినవారూ గెలిచినవారూ ఆ తెలుపు కింద ఒకే తీరుగా పడుకుని వున్నారు.

ఎల్లారెడ్డిలో దిగి, "పెయింటరు కాకా ఇల్లెక్కడ?" అని అడిగితే, ఒక కుర్రాడు, "ఫ్లెక్సీ దుకాణపాయన నాయినే గదా?" అన్నాడు. నేను సరిగా విన్నానో లేదోనని మళ్ళీ అడిగాను. సరిగానే విన్నాను. ఆయన కొడుకు ఇంటి ముందు గదిలో ఫ్లెక్సీ దుకాణం పెట్టాడు. కంప్యూటరు ముందు కొడుకు, వెనక బల్ల మీద తండ్రి. ఒక నాయకుడి జన్మదినం తాలూకు బొమ్మ తెర మీద వుంది. తండ్రి వేలితో తెర చూపించి, "శుభాకాంక్షలుల దీర్ఘం ఏది? పెట్టు" అంటున్నాడు.

నన్ను చూసి రెండు క్షణాలు ఆలోచించాడు. "బెల్లమాయన కొడుకువు గదా? లెక్చరర్ సారువు. కూసోండ్రి" అన్నాడు.

"గుర్తుపట్టినవా కాకా?"

"మీ గోడను మర్వలే, మిమ్ముల నెట్ల మరుస్త?"

ఫ్లెక్సీ దుకాణం చూసి నేను మొహమాటపడుతున్నానని ఆయన కనిపెట్టాడు. "గదేం పగ గాదు సారూ. మిషిని మీద అలిగి కూసుంటే బువ్వ ఎవరు పెడ్తరు? గోడ మీద తప్పు రాస్తే గుడ్డతోని తుడుస్తం. మిషిన్ల తప్పు వడితే వూరంత తిరుగుతది. అందుకే అచ్చుకు పోయేముందు నేనొకపాలి చదువుత" అన్నాడు. మా శాఖలో ప్రూఫులు చూసేవాళ్ళకు ఇంత నిష్ఠ వుంటే ఎంత బాగుండును అనుకున్నాను.

లోపలికి రమ్మన్నాడు. నడింట్లో ఆయన ఇల్లాలూ, కోడలూ సకినాలు చుడుతున్నారు. తెలంగాణలో సంక్రాంతికి సకినాలు లేని ఇల్లుండదు. నువ్వులు, వాము కలిపిన బియ్యప్పిండిని వేళ్ళ మధ్య మెలితిప్పుతూ గుడ్డ మీద చుట్లు చుట్లుగా పోస్తారు. తడి ఆరాక నూనెలో వేస్తారు. ఆ గుడ్డ నిండా తెల్లటి చుట్లు. గుడ్డకు చుట్టూ నీలం మామిడిపిందెల అంచు. ఒక మూల మాత్రం ఖాళీగా వదిలేశారు. అక్కడ ఎర్ర రంగుతో జానెడెత్తున "స్వా" అని వుంది. దాని పక్కన గకారం సుద్దగీత ఆనవాలు.

నాకు కూర్చోవడానికి కుర్చీ వేశారు. నేను నిలబడే వున్నాను.

"గదే సారూ" అన్నాడాయన. "అయ్యాల రాత్రి అంచు వేసి, తొలి అక్షరం ఆరవెట్టిన. మిగిలింది గేటుకాడ కట్టినంక రాద్దామనుకున్న. గుడ్డ మంచిది. పారెయ్య బుద్ధి గాలే. గప్పటిసంది యేటా సకినాలు దీని మీదనే."

"తప్పయింది కాకా" అన్నాను. ఈ రెండు మాటల కోసమే గంటన్నర ప్రయాణం చేశాను. తీరా అన్న తరవాత అవి చాలా చిన్నవిగా వినిపించాయి.

ఆయన ఇల్లాలు తలెత్తకుండానే, "గుడ్డ పైసలియ్యలే మీరు" అంది. మాటలో కోపం లేదు, లెక్క వుంది.

నాలుగు మీటర్లు, మీటరు నలభై, నూట అరవై రూపాయలు. ఆమెకు ఇంకా జ్ఞాపకం వుంది. నేను వెయ్యి రూపాయలు తీశాను. కాకా మనవణ్ణి పంపి చిల్లర తెప్పించి, నూట అరవై వుంచుకుని మిగిలింది నా చేతిలో పెట్టాడు. రాసిన అక్షరానికైనా తీసుకోమన్నాను. "స్వాగతం అయితే పైసలు. స్వాకు ఏం పైసలు సారూ? రాయని అక్షరానికి తీసుకుంటే కుంచెకు ఇమానం వుండదు" అన్నాడు. నేను చేసిన తప్పుకు ఆయన వేసిన రసీదు అది. పైసా ఎక్కువా లేదు, తక్కువా లేదు.

తరవాత టీ తాగుతూ ఆయన పని గురించి అడిగాను. పదమూడో ఏట ఒక సైను బోర్డుల మేస్త్రీ దగ్గర చేరాడట. ఏడాది పాటు డబ్బాలు కడగడమే చదువు. బొమ్మ ఎక్కడ నేర్చావంటే, "వారపత్రికలల్ల" అన్నాడు. మంగలి షాపులో పాతబడ్డ పత్రికలు అడిగి తెచ్చుకునేవాడట. వడ్డాది పాపయ్య గారి చందమామ అట్టలు చూసి రంగు కలపడం, బాపుగారి కథల బొమ్మలు చూసి గీత తగ్గించడం నేర్చుకున్నాడట. "పాపయ్య గారు రంగు మీద రంగు కప్పుతరు. బాపుగారు ఎంత వదిలిపెట్టాల్నో చెప్తరు" అన్నాడు. బాపుగారి చేతిరాత తరవాత కంప్యూటరు అక్షరాలుగా కూడా వచ్చింది. కొడుకు దుకాణంలో వాటినే వాడుతున్నాడు. తండ్రి కుంచెతో అనుకరించిన అక్షరం కొడుకు చేతికి మీట నొక్కితే వస్తూంది.

చిన్న బొమ్మను పెద్ద గోడ మీదికి ఎక్కించే కిటుకు కూడా చూపించాడు. కాగితం మీది బొమ్మకు గళ్ళు గీస్తారు. గోడ మీద అన్నే గళ్ళు పెద్దవిగా గీస్తారు. దారానికి రంగుపొడి పూసి రెండు కొసలా బిగబట్టి మధ్యలో లాగి వదిలితే గోడ మీద తిన్నటి గీత పడుతుంది. ఇక ఏ గడిలో వున్నది ఆ గడిలో దించడమే. అక్షరాలకు మాత్రం లెక్క ముందే కట్టాలి. "ఇంగ్లీషు అక్షరానికి ఒక్క అర్ర చాలు సారూ. తెలుగు అక్షరానికి మీద మేడ గావాలె, కింద నేలమాళిగ గావాలె. స్త్రీ అని రాయాలంటే మూడంతస్తుల జాగ వదలాలె. అది తెల్వనోడు కింది వరుస మీదికి వత్తులు దించుతడు" అన్నాడు. ఇరవై ఏళ్ళుగా గుణింతాలూ వత్తులూ చెపుతున్నాను గాని, తెలుగు లిపి మీద ఇంత మంచి పాఠం నేను చెప్పలేదు.

ఇప్పుడు బోర్డుల పని లేదు. దొరుకుతున్నది బడి గోడల పని. మధ్యాహ్నం తన మోపెడు మీద నన్ను పక్క పల్లెలో సర్కారు బడికి తీసుకుపోయాడు. వరండా మొత్తం రైలుపెట్టెలా రంగు వేశాడు. తరగతి గది తలుపే రైలు తలుపు. ఇలాంటి రైలు బడులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చాలా వచ్చాయి. కాని కాకా రైలు ఏ వూరికి పోతుందో చూడండి: కిటికీల వెనక నిజాంసాగరం కట్ట, దాని తూములు, మంజీర నీళ్ళు. ఆ ప్రాజెక్టు 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఎల్లారెడ్డికి దగ్గరే. "తాజ్ మహల్ గియ్యమన్నరు ముందుగాల. మన పిల్లగాండ్లు మన నీళ్ళు చూడద్దా అన్న" అన్నాడు.

లోపల గోడ మీద అక్షరాల చెట్టు. ఒక్కొక్క ఆకులో ఒక్కొక్క అక్షరం, పక్కన బొమ్మ. చెట్టు మొదట్లో, అన్నిటికంటే పెద్ద ఆకులో ఱ వుంది. పక్కన ఎద్దుల బండి. ఇప్పుడీ అక్షరం ఎవరూ వాడడం లేదు కదా, ఎందుకు పెట్టావని అడిగాను.

"మీరడిగినట్టు ఇంకెవరన్న అడుగుతరేమోనని" అన్నాడు.

నా నలభై ఏళ్ళ కిందటి ప్రశ్న ఆయనకు జ్ఞాపకం వుంది. నాకు ఆయన బాకీ జ్ఞాపకం లేదు.

తిరుగు బస్సులో చీకటి పడేదాకా ఇదే ఆలోచన. గోడకూ వీధికీ బొమ్మ వెయ్యడం ఇప్పుడు ప్రపంచమంతటా గొప్ప కళ అయింది. బాంక్సీ అని ఒక ఆంగ్ల చిత్రకారుడున్నాడు. పేరు దాచుకుని రాత్రికి రాత్రి గోడల మీద గీసి వెళ్ళిపోయేవాడు. 2018 అక్టోబరులో లండను వేలంలో ఆయన బొమ్మ ఒకటి పది లక్షల పౌండ్లకు పైగా పలికింది. సుత్తి పడగానే చట్రంలో దాచిన యంత్రం ఆ బొమ్మను సగం దాకా పీలికలు చేసింది. ఆ పీలికల బొమ్మే 2021లో కోటీ ఎనభై అయిదు లక్షల పౌండ్లకు అమ్ముడుపోయింది. పేరు దాచుకున్నవాణ్ణి లోకమంతా ఎరుగును. మా కాకా ప్రతి గోడ కిందా కుడిమూల తన పేరు రాసి, పక్కన వూరి పేరు కూడా రాసేవాడు. ఆయన్ని ఎల్లారెడ్డిలో కూడా ఫ్లెక్సీ దుకాణపాయన తండ్రి అంటున్నారు.

మన దగ్గర కూడా మంచి రోజులు రాకపోలేదు. హైదరాబాదులో హుస్సేన్ సాగరు పక్కన మక్తా అనే ఇరుకు బస్తీ వుంది. 2016లో స్టార్ట్ ఇండియా అనే సంస్థ చిత్రకారులను రప్పించి ఆ బస్తీ ఇళ్ళ గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు వేయించింది. స్వాతి, విజయ్ అనే తెలుగు దంపతులు తెలంగాణ పల్లె ఆడవాళ్ళ ముఖాలను నగరాల గోడలకు ఎక్కించి పేరు తెచ్చుకున్నారు. నేను మక్తా చూశాను. సందులో బట్టలు ఆరేసుకుంటున్న అమ్మ పక్కనే మేడంత ముఖం. చూడడానికి టికెట్టు లేదు, తలుపు లేదు. అది అందరిదీ.

అంతకు ముందు మాత్రం లేదా? సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీలు గజాల పొడుగు గుడ్డ మీద పురాణాలు రాసేవారు, ఇప్పటికీ రాస్తున్నారు. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి, ఎర్ర నేల మీద బొమ్మలు దించుతారు. కూనపులివాళ్ళు ఆ పటం విప్పి పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేవారు; కాకిపడగలవాళ్ళు ముదిరాజులకు వారి కథ చెప్పేవారు. వూరి నడుమ రెండు గుంజలకు పటం కట్టి, రాత్రంతా ఒక్కొక్క బొమ్మే విప్పుతూ పాడితే, అది వీధి చిత్రం కాక మరేమిటి? పటం పాతబడితే కొత్తది రాయించుకునేవారు. పాతదాన్ని నదిలో కలిపేవారు. బొమ్మ పోయినందుకు ఎవరూ ఏడవలేదు. రాసే చెయ్యి వుంది కదా అని ధైర్యం.

నాకు తట్టినది ఇదే. గోడ పోతుందని నేను బెంగపడ్డాను. వీధి బొమ్మకు ఎప్పుడైనా ఎండా వానా సున్నమూ తప్పవు. అది దాని జాతకం. కాపాడుకోవలసింది గోడను కాదు, గోడ దగ్గరికి మళ్ళీ పిలవవలసిన మనిషిని. పిలవడమంటే ఒట్టి పిలుపు కాదు. గుడ్డ పైసలూ, రంగు పైసలూ, కూలీ ఇచ్చి పిలవడం. పదహారేళ్ళ కింద నేను పొదుపు చేశాననుకున్నది ఆయన ఇంటి నూట అరవై రూపాయలు.

పండుగ వెళ్ళిన మూడో రోజున కాకా కామారెడ్డి వచ్చాడు. ముందుగా అడ్తి గోడ దగ్గరికి తీసుకుపోయాను. ఎర్ర గీత చూసి, "సక్కగ గీసిండు, ఎవరో చెయ్యి తిరిగినోడే" అన్నాడు. అంతే. ఎద్దును అలాగే మా ఇంటి ప్రహరీ గోడ మీద మళ్ళీ గియ్యమని కోరాను. ఒప్పుకోలేదు. "గది మీ బాపు దుకాణానికి గీసిన ఎద్దు. మీ ఇంటి ముందల బెల్లం అమ్ముతరా?" అన్నాడు. రోజంతా వీధిలో పీట వేసుకుని వచ్చేపోయేవాళ్ళను చూశాడు. మర్నాడు సున్నం కొట్టి దారం లాగాడు. మూడు రోజులకు గోడ నిండింది. చెఱకు బండి ఒకటి, దాని వెనక గెడలు లాక్కుంటూ పరుగెత్తే బడి పిల్లలు, బండి మీద పడుకుని ఇవేమీ పట్టకుండా పుస్తకం చదువుకుంటున్న ఒక పిల్లవాడు. ఎక్కడా ఒక్క అక్షరం రాయలేదు. బేరమాడిన కూలీ పూర్తిగా ఇచ్చాను. లెక్కపెట్టుకుని జేబులో వేసుకున్నాడు.

నాలుగో రోజు పొద్దున్న ఆయన బస్సుకు బయలుదేరుతుంటే మా ఆవిడ ఆ గోడ ముందు ముగ్గు వేస్తూంది. ఆయన సంచీ కింద పెట్టి చాలాసేపు చూశాడు. ఆమె చుక్కల మధ్య చెయ్యెత్తకుండా మెలిక తిప్పుతూంది.

"అమ్మా, నా రంగు అయిదేండ్లన్న వుంటది. మీది పొద్దుమీకేసరికి పోతది గదా. రోజూ ఎట్ల ఏస్తవు?" అన్నాడు.

"పోతేనే గదా కాకా, రేపు మళ్ళా వేసేది" అంది మా ఆవిడ.

ఆయన నవ్వి, ముగ్గు తొక్కకుండా పక్కనుంచి అడుగు వేసి, సంచీ భుజాన వేసుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చి, వెనక్కి వచ్చి, జేబులోంచి సన్న కుంచె తీసి, గోడకు కుడిమూల తన పేరూ, ఎల్లారెడ్డి అనీ రాసి వెళ్ళాడు.